పొదుపు సంఘం లెక్క చదివినట్టు పంచాయతీ లెక్క కూడా ఊరి ముందు చదివించాలంటే ఏం చేయాలి?

నాలుగో వార్డు మెంబర్, పల్నాడు

అందరికీ నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఒక మోస్తరు ఊరు. ఓటర్లు రెండు వేల పైచిలుకు, పది వార్డులు. 2021 ఎన్నికల్లో నాలుగో వార్డుకి మెంబర్‌గా గెలిచాను. మా వార్డంతా ఎస్సీ కాలనీయే. ఇంటర్ వరకు చదివాను, మా పొదుపు సంఘానికి లెక్కలు రాసేది నేనే. పదేళ్ల పైనుంచి రాస్తున్నాను.

నన్ను కొన్ని రోజులుగా నిద్రపోనివ్వని విషయం చెప్తాను. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు కదా. మా ఊళ్లో కూడా పెట్టారు. ఉపాధి హామీ పనుల జాబితా చదివారు, చేతులెత్తాం, అయిపోయింది. ఇంటికొచ్చాక మా అబ్బాయి ఫోన్‌లో ఈ-గ్రామ్‌స్వరాజ్ అని పంచాయతీల ప్రణాళికలు పెట్టే సర్కారు వెబ్‌సైట్ తీసి మా ఊరి పేరు కొట్టి చూపించాడు. ఈ ఏడాది ప్రణాళిక అని పనులన్నీ వరసగా ఉన్నాయి. నాలుగు సిమెంటు రోడ్లు, ఒక ప్రహరీ, మోటార్ల రిపేర్లు, బ్లీచింగ్. అందులో సగం పనుల సంగతి నేనెప్పుడూ వినలేదు. మా వార్డులో మూడేళ్లుగా అడుగుతున్న డ్రైను అందులో లేదు.

మరుసటి రోజు సచివాలయానికి వెళ్లి కార్యదర్శిని అడిగాను. ఆ పిల్లాడు మంచివాడే, పక్క ఊరి పంచాయతీ కూడా ఇతని నెత్తినే ఉంది. మినిట్స్ పుస్తకం తీసి చూపించాడు. ఆ ప్రణాళికకి తీర్మానం ఉంది. కింద నా సంతకం ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఒక రోజు పత్తి తీతకి వెళ్తుంటే దారిలో ఆపి, "అక్కా, కోరం కోసం ఒక సంతకం" అన్నారు. పేజీ పైభాగం ఖాళీగా ఉంది. పెట్టేశాను. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు, చదవనివ్వకుండా ఆపలేదు. నేనే అడగలేదు.

నా బాధ ఏమిటంటే, సంఘంలో నేను అలా చేయను. మేం పదిమంది ఆడవాళ్లం. నెలకి రెండుసార్లు కూర్చుంటాం. ఎవరు ఎంత కట్టారు, బ్యాంకులో ఎంత ఉంది, ఎవరికి అప్పు ఇచ్చాం, వడ్డీ ఎంత వచ్చింది, అన్నీ పైకి చదువుతాను. చదవడం రాని వాళ్లు మాలో నలుగురున్నారు. వాళ్లే ముందు తప్పు పట్టుకుంటారు, ఎందుకంటే వాళ్ల లెక్క వాళ్ల తలలో ఉంటుంది. పొదుపు సంఘాలు పాటించాల్సిన పంచసూత్రాల్లో పుస్తక నిర్వహణ ఒకటి అని మాకు మొదటి శిక్షణలోనే చెప్పారు. వంద రూపాయల తేడా వస్తే సమావేశం ముగియదు. మరి లక్షల్లో ఉన్న ఊరి డబ్బుకి ఆ పద్ధతి ఎందుకు లేదు?

అక్టోబర్ 2న మళ్లీ గ్రామసభ ఉంటుంది, వచ్చే ఏడాది ప్రణాళిక పని అప్పుడే మొదలవుతుందంటున్నారు. ఈసారి పనులు ఊరివాళ్లు చెప్పాక రాయాలి. పోయిన ఏడాది ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది పైకి చదవాలి. ఇదే నా కోరిక. ఎవరి మీదా ఫిర్యాదు పెట్టాలని కాదు. సర్పంచ్ గారిని ఊరంతా బాబాయ్ అని పిలుస్తాం, ఆయనతో గొడవ పడే ఉద్దేశం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? మీ ఊళ్లలో ఎవరైనా చేశారా?


రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి, కృష్ణా జిల్లా

అమ్మా, 31 ఏళ్లు కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. ఖాళీ పేజీలో సంతకాలు తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. పై నుంచి గడువు ముంచుకొచ్చేది, మెంబర్లు పొలాల్లో ఉండేవాళ్లు. అది తప్పే. నువ్వు అడిగినట్టు అప్పట్లో ఒక్క మెంబర్ అడిగినా నేను సరిగ్గా చేసేవాణ్ణి, ఎందుకంటే చేయాలని నాకూ ఉండేది.

ముందు నీ హక్కు తెలుసుకో. నువ్వు మెంబర్‌వి. ముందుగా తెలియజేసి పంచాయతీ రికార్డులు చూసే హక్కు మన పంచాయతీరాజ్ చట్టంలో మెంబర్లకి ఉంది. సమాచార హక్కు దరఖాస్తు దాకా పోనక్కర్లేదు. మామూలు పౌరులు పెట్టాలన్నా గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. చాలామందికి ఇది తెలియక ఊరి కాగితం కోసం పోస్టల్ ఆర్డర్ కొనుక్కుంటారు.

కార్యదర్శిని అడగాల్సింది క్యాష్ బుక్, పోయిన ఏడాది ఓచర్లు, పన్నుల డిమాండ్ రిజిస్టరు. మినిట్స్ పుస్తకం కంటే ఇవి ముఖ్యం. మినిట్స్‌లో అనుకున్నది ఉంటుంది, క్యాష్ బుక్‌లో జరిగింది ఉంటుంది.

తర్వాత డబ్బు రంగులు తెలుసుకోవాలి. మా రోజుల్లో అలాగే అనేవాళ్లం. ఇంటి పన్ను, కుళాయి పన్ను, స్టాంపు డ్యూటీలో వాటా, ఇవన్నీ సాధారణ నిధులు. దీని మీద పంచాయతీకి కాస్త స్వేచ్ఛ ఎక్కువ. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు వేరు. 2021-26కి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ మాత్రమే వాడాలని కట్టేశారు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, కానీ జీతాలకీ ఆఫీసు ఖర్చులకీ వాడకూడదు. నీ డ్రైను పారిశుద్ధ్యం కిందికి వస్తుంది, సిమెంటు రోడ్డు రాదు. కాబట్టి "రోడ్లకే డబ్బంతా అయిపోయింది, డ్రైనుకి లేదు" అని ఎవరైనా అంటే, కట్టేసిన 60 శాతం ఎటు పోయిందో చూపించమని మర్యాదగా అడుగు. ఈ ఒక్క ప్రశ్నకి సగం మబ్బు విడిపోతుంది.

ఇంకొక మాట. గ్రామసభ రోజున కొత్తగా ఏమీ జరగదమ్మా. ఆ రోజు మైకు పట్టుకున్న నలుగురే మాట్లాడతారు. అంతకు ముందు వారం వార్డుల్లో జరిగిందే సభలోకి వస్తుంది. కాబట్టి నీ వార్డు మీటింగు ముందే పెట్టు. చదువు రానివాళ్లు కూడా తమ మాట చెప్పగలిగేలా ఉండాలి. మా శిక్షణల్లో చింతపిక్కలతో చేయించేవారు. ఒక్కో పని బొమ్మ గీసిన డబ్బా, మనిషికి ఐదు పిక్కలు. ఎవరికి ఏది ముఖ్యమో అందులో వేస్తారు. చేతులెత్తమంటే పక్కవాళ్ల మొహం చూసి ఎత్తుతారు, పిక్క వేయమంటే తమ అవసరం చూసుకుని వేస్తారు.

సభ ఎక్కడ పెడుతున్నారో కూడా చూడు. మా ఊళ్లలో చాలా చోట్ల రామాలయం అరుగు దగ్గర పెట్టేవాళ్లు. కాలనీ ఆడవాళ్లు వచ్చినా రోడ్డు అవతల నిలబడేవాళ్లు. బడి ఆవరణకి మారిస్తే చాలా తేడా వస్తుంది.

కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకే వదిలారు. అంత డబ్బు చేతికొస్తుందంటే జనం సభకి రాకుండా ఉండరు. మన దగ్గర డబ్బు తక్కువ, నిజమే. ఉన్న కాస్తనైనా జనం ముందు పెట్టండి.


మాజీ సర్పంచ్, ప్రకాశం

చెల్లెమ్మా, నీ ఆరాటం మంచిదే. నేను ఐదేళ్లు చేసినవాణ్ణి కాబట్టి రెండు చేదు మాటలు చెప్పాలి.

మొదటిది. మా పంచాయతీకి ఆర్థిక సంఘం డబ్బు పడిందని మెసేజ్ వచ్చింది. ఊళ్లో చెప్పాను, రెండు వార్డులకి మాట ఇచ్చాను. తీరా చూస్తే పాత కరెంటు బకాయిల కింద చాలా భాగం సర్దేశారు. మాట ఇచ్చింది నేను, తిట్లు తిన్నది నేను. ఊరివాళ్లని కూర్చోబెట్టి పనులు రాయించి, తర్వాత డబ్బు రాకపోతే వాళ్లు ఇంకోసారి కూర్చోరు. నీ వార్డులో మీటింగు పెట్టేముందు చేతిలో నిజంగా ఎంత ఉందో తెలుసుకో. రాబోయేది లెక్కలో కలపకు.

రెండోది ఇంకా ముఖ్యం. పిక్కలు లెక్కపెడితే ఎవరెక్కువ ఉంటే వాళ్లదే పని అవుతుంది. మా ఊరి చివర చెరువుకట్ట కింద తొమ్మిది యానాది గిరిజనుల ఇళ్లున్నాయి. వాళ్లకి ఏం కావాలో ఏ ఓటింగులోనూ పైకి రాదు. నేను చేసిన పనుల్లో ఇప్పటికీ తృప్తినిచ్చేది వాళ్లకి బోరు వేయించడమే. ఊరిని అడిగి ఉంటే ఆ బోరు పడేది కాదు. కాబట్టి జనాన్ని అడిగితే అంతా న్యాయంగా ఉంటుందని అనుకోవద్దు.


నాలుగో వార్డు మెంబర్, పల్నాడు

అన్నా, మీ రెండో మాట నన్ను పట్టుకుంది. మా ఊళ్లోనూ కాలువ గట్టున ఆరు యానాది ఇళ్లున్నాయి. అవి ఐదో వార్డు కిందికి వస్తాయి. నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న రాసేటప్పుడు నా మనసులో మా కాలనీయే ఉంది, వాళ్లు లేరు. కార్యదర్శి గారూ, క్యాష్ బుక్ కోసం రేపే వెళ్తాను.


హనుమకొండ నుంచి

అక్కా, మా తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకి పెట్టాలని కూడా అందులోనే ఉంది. కానీ 2024 ఫిబ్రవరిలో మా దగ్గర సర్పంచుల పదవీకాలం అయిపోయాక ప్రత్యేకాధికారులే చూశారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు కూడా ఆగుతుంది. అప్పుడు అడగడానికి మెంబర్ కూడా లేడు మాకు. మీరు పదవిలో ఉండగానే చేయాలనుకుంటున్నారు, ఆ అవకాశం వదలకండి.

వీలైతే ఒకసారి మా వైపు గీసుకొండ మండలం గంగదేవిపల్లి వచ్చి చూడండి. నేను మూడుసార్లు వెళ్లాను. అక్కడ తాగునీటికి ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, చివరికి కేబుల్ టీవీకి కూడా ఒక కమిటీ. ఇంటి పన్ను ఊరంతా కడతారు. పన్ను కడతారు కాబట్టి లెక్క అడుగుతారా, లెక్క తెలుసు కాబట్టి పన్ను కడతారా అని అక్కడి పెద్దాయన్ని అడిగాను. ఆయనకి నా ప్రశ్నే వింతగా అనిపించింది. "రెండూ ఒకటే కదా బాబూ" అన్నాడు.


క్వీన్స్, న్యూయార్క్ నుంచి

మాది గుంటూరు వైపే, ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లయింది. ప్రకాశం అన్న చెప్పిన దానికి ఒక సంగతి చెప్పాలనిపించింది.

ఇక్కడ 2011 నుంచి కొందరు సిటీ కౌన్సిల్ సభ్యులు తమ ప్రాంతానికి వచ్చే డబ్బులో కనీసం పది లక్షల డాలర్లు పక్కన పెట్టి, ఏ పనులు చేయాలో స్థానికులనే ఓటు వేయమంటారు. పార్టీ ఉండదు. బడి మరుగుదొడ్ల బాగుచేత, పార్కులో లైట్లు, లైబ్రరీకి కంప్యూటర్లు, ఇలాంటివి కాగితం మీద ఖర్చుతో సహా రాసి ఉంటాయి. 11 ఏళ్లు నిండిన పిల్లలు కూడా వేయొచ్చు, పౌరసత్వం అడగరు. ఈ దేశంలో నాకు ఏ ఎన్నికలోనూ ఓటు లేదు. నేను వేసిన ఒకే ఒక్క ఓటు అది, మా పన్నెండేళ్ల అమ్మాయితో కలిసి వేశాను. ఆ రోజు అది పని ఖర్చు చదివి "నాన్నా, ఒక చెట్టు నాటడానికి ఇంత అవుతుందా?" అని అడిగింది. ఇప్పటికీ బడికి వెళ్తూ ఆ చెట్లు ఎలా ఉన్నాయో చూస్తుంది.

ఈ పద్ధతికి పుట్టిల్లు బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె, 1989లో మొదలైంది. అక్కడ మనుషుల లెక్క ఒక్కటే చూడలేదు. ఏ పేటలో నీళ్లు, డ్రైనేజీ, రోడ్లు తక్కువున్నాయో ఆ పేటకి అదనపు మార్కులు వేశారు. జనాభా, జనం అడిగిన వరస, లేమి, మూడూ కలిపి డబ్బు పంచారు. కాబట్టి పిక్కల లెక్కకి ముందే ఊరు ఒక మాట అనుకోవచ్చు: ఏమీ లేనివాళ్ల పని ఒకటి ఓటింగుతో పనిలేకుండా జాబితాలో ఉంటుందని.


నాలుగో వార్డు మెంబర్, పల్నాడు

అక్టోబర్ 2 అయిపోయింది. ఏం జరిగిందో వివరంగా రాస్తానని మీ అందరికీ బాకీ ఉన్నాను.

క్యాష్ బుక్ చూడటానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు కార్యదర్శి కంగారుపడ్డాడు, ఎవరో నన్ను పంపారనుకున్నాడు. మా సంఘం పుస్తకం తీసుకెళ్లి చూపించి, "ఇదిగో తమ్ముడూ, ఇలా ఒక పేజీలో రాసుకుంటాను, నాకు ఇంకేం వద్దు" అన్నాను. అప్పుడు తేలికపడ్డాడు. రెండో రోజు నుంచి తనే ఓచర్లు తీసి ఇచ్చాడు. మేమిద్దరం కలిసి పోయిన ఏడాది జమ, ఖర్చు మొత్తం పదకొండు వరసల్లోకి తెచ్చాం.

మా వార్డు మీటింగు ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు పెట్టాను. 58 మంది వచ్చారు, నలభై మందికి పైగా ఆడవాళ్లే. ఐదు పాత పెయింట్ డబ్బాలు తెచ్చి మా అమ్మాయి చేత బొమ్మలు గీయించాను. కుళాయి, డ్రైను, వీధి లైటు, రోడ్డు, శ్మశానం గోడ. ప్రకాశం అన్న చెప్పినట్టు, చేతిలో ఉన్న డబ్బు ఎంతో ముందే చెప్పాను. ఇందులో మన వార్డుకి ఒక పని, మహా అయితే రెండు వస్తాయని కూడా చెప్పాను.

నేను డ్రైనుకే ఎక్కువ వస్తాయనుకున్నాను. మూడేళ్లుగా ఊరంతా తిరిగి డ్రైను, డ్రైను అని అడుగుతున్నది నేనే కదా. పిక్కలు లెక్కపెడితే 290లో కుళాయికి 121 వచ్చాయి. లైటుకి 74, డ్రైనుకి 52, రోడ్డుకి 28, గోడకి 15. చివరి వరసలో ఏడిళ్లకి కుళాయి ఉంది కానీ నీళ్లెక్కవు. వాళ్లు పొద్దున్నే మా ముందు వరస ఇళ్లకొచ్చి పట్టుకెళ్తారు. మా ఇంటికీ వస్తారు. రోజూ చూస్తూనే ఉన్నాను, అది పంచాయతీలో అడగాల్సిన పని అని నాకు తట్టలేదు. వాళ్లు కూడా నాతో ఎప్పుడూ అనలేదు. ఎందుకు చెప్పలేదత్తా అని అడిగితే, "నువ్వు డ్రైను కోసం తిరుగుతున్నావు కదమ్మా, మధ్యలో మాదెందుకని" అన్నది ఒకామె. ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది.

తర్వాత ఐదో వార్డు మెంబర్‌ని తీసుకుని కాలువ గట్టుకి వెళ్లాను. యానాది ఇళ్లవాళ్లు రోడ్డూ అడగలేదు, డ్రైనూ అడగలేదు. కాలువ దాటడానికి వేసిన తాటిమొద్దు కుళ్లిపోయింది, వర్షాకాలంలో పిల్లలు బడికి రావడం లేదు. వాళ్లు అడిగింది రెండు తూములు, పైన కాస్త కాంక్రీటు.

ఇక సభ. రామాలయం దగ్గర కాకుండా బడిలో పెడదామని బాబాయ్‌ని అడిగాను. ఎండగా ఉంటుంది, బడిలో చెట్లున్నాయి అన్నాను. అసలు కారణం ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కాసేపు ఆలోచించి సరేనన్నాడు. మా కాలనీ ఆడవాళ్లు చెట్టు కింద అందరితో పాటు కూర్చున్నారు. ఆ దృశ్యం కోసమైనా ఈ పనంతా చేయొచ్చు.

లెక్కని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాశాం. నేను చదివితే నాలుగో వార్డు గొడవ అంటారని, పదో తరగతి పిల్ల చేత చదివించాం. ఇంటి పన్ను ఇంత రావాలి, ఇంత వచ్చింది. ఆర్థిక సంఘం డబ్బు ఇంత. బ్లీచింగ్‌కి ఇంత, వీధి లైట్లకి ఇంత. ఆరో వరస మోటారు రిపేర్లు, 67,500 రూపాయలు.

అక్కడ రెండో వార్డు తాతయ్య ఒకాయన లేచాడు. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. "ఎన్ని మోటార్లు?" అన్నాడు. కార్యదర్శి, "ఒకటే తాతా, ట్యాంకు దగ్గరిది. ఐదుసార్లు కాలింది" అన్నాడు. మోటారు పైకి తీయడం, రీవైండింగ్, మళ్లీ దించడం కలిపి ఒక్కోసారికి 13,500.

నాకు గుండె దడదడలాడింది. ఇప్పుడు ఎవరో ఒకరు "తినేశారు" అంటారు, సభ రెండు ముక్కలవుతుంది అనుకున్నాను. తాతయ్య అలా అనలేదు. పంపు ఆపరేటర్ని పిలిచి, "రాత్రిపూట వేస్తున్నావా?" అని అడిగాడు. అవునన్నాడు. "ఒక ఫేజు పోతోందిరా. రెండు ఫేజుల మీద తిరిగి కాలుతోంది. నా పొలంలో ఫేజు పోతే మోటారు ఆపేసే ప్రివెంటర్ పెట్టి నాలుగేళ్లయింది, ఒక్కసారి కాలలేదు" అన్నాడు. వెనకాల కూర్చున్న రైతులు నలుగురైదుగురు అవును అవునన్నారు. మా ఊళ్లో బోరున్న ప్రతి రైతుకీ తెలిసిన సంగతి అది. ఏడాదిలో ఐదు బిల్లుల మీద సంతకాలు పెట్టిన వాళ్లెవరూ రైతుని అడగలేదు, ఆ బిల్లు చూసిన రైతు ఎవరూ లేడు. డబ్బు ఎవరూ తినలేదు. అయినా పోయింది.

అక్కడికక్కడే తీర్మానం రాశారు. ప్రివెంటర్‌తో కొత్త ప్యానెల్ బోర్డు, ఫిట్టింగుతో కలిపి 18,000 అవుతుందని ఆపరేటర్ కనుక్కున్నాడు. మూడు వారాలైంది బిగించి. ఇప్పటిదాకా మోటారు బాగుంది. ఇది చిన్న విషయం అనిపించవచ్చు. కానీ ఆ మోటారు కాలిన ప్రతిసారీ నాలుగైదు రోజులు ఊరంతా నీళ్లు లేవు, మా వార్డు ఆడవాళ్లు కిలోమీటరు నడిచి చేతిపంపు నుంచి మోసుకొచ్చారు. ఆ లెక్క ఏ క్యాష్ బుక్‌లోనూ లేదు.

సభలో అన్నీ సాఫీగా జరగలేదు. ఇంటి పన్ను వరస చదివాక ఒకాయన, "కట్టనివాళ్ల పేర్లు కూడా చదవండి" అని గట్టిగా అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. జాబితా కార్యదర్శి చేతిలోనే ఉంది. నేను వద్దన్నాను. సంఘంలో వాయిదా కట్టలేని మనిషి పేరు పదిమందిలో చదివినప్పుడు ఆ మనిషి తర్వాత ఏమైపోతుందో నేను చూశాను. ఒకామె రెండు నెలలు ఇంట్లోంచి బయటికి రాలేదు. పేర్లు కాకుండా వార్డుల వారీగా ఎంత వచ్చిందో చదవమన్నాను. చదివితే మా కాలనీ కంటే పెద్ద వీధి బాకీయే ఎక్కువని తేలింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ వారంలో పెద్ద వీధి నుంచి కొంతమంది వచ్చి కట్టి వెళ్లారని కార్యదర్శి తమ్ముడు చెప్పాడు.

ఆరో వార్డు మెంబర్ మాత్రం నాతో ఇంకా మాట్లాడటం లేదు. ఆయన వార్డులో అనుకున్న సిమెంటు రోడ్డు ఈసారి వెనక్కి పోయింది. ఆయన బాధ కూడా న్యాయమే, ఆ రోడ్డు గుంతలమయం. వచ్చే ఏడాది ముందు వరసలో అది పెట్టాలని మినిట్స్‌లో రాయించాను. నా సంతకం కంటే ముందు ఆయన సంతకం పెట్టించమన్నాను. పేజీ నిండాకే.

క్వీన్స్ అన్నగారూ, మీరు చెప్పినట్టే కాలువ తూములు పిక్కలతో పనిలేకుండా జాబితాలో పెట్టాం. సభలో ఒకరిద్దరు, "ఆరిళ్లకి అంత ఖర్చా" అన్నారు. బాబాయే లేచి, "ఆ పిల్లలు మన బడికేగా వచ్చేది" అన్నాడు. ఆయన అంటాడని నేను అనుకోలేదు.


మాజీ సర్పంచ్, ప్రకాశం

చెల్లెమ్మా, చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా మోటారు కూడా ఏడాదికి మూడు నాలుగుసార్లు కాలేది. నేనెప్పుడూ ఆ బిల్లు ఎవరికీ చదివి వినిపించలేదు. ఏడిళ్ల నీళ్ల పని ఎంతవరకు వచ్చింది?


నాలుగో వార్డు మెంబర్, పల్నాడు

అసిస్టెంట్ ఇంజనీరు గారు వచ్చి చూశారు అన్నా. పైపు సన్నది, చివరికి ప్రెషర్ సరిపోవడం లేదు, 140 మీటర్లు మార్చాలి అన్నారు. అంచనా వేస్తే మేం అనుకున్నదానికంటే ఎక్కువైంది. తాగునీటి కింద కట్టేసిన డబ్బులో ఈ ఏడాది సగం దూరమే వస్తుంది. ఆ సంగతి దాచకుండా ఆ ఏడిళ్లకీ వెళ్లి చెప్పాను. సగం వేస్తే నాలుగిళ్లకి నీళ్లెక్కుతాయి, మూడిళ్లు ఆగాలి. ఎవరు ఆగాలో వాళ్లే కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

ప్రణాళిక ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఎక్కించారు. అందులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాసి సచివాలయం గోడకి అంటించాం. మొన్నటి వానకి తడిసి చిరిగిపోయింది. నిన్న ఇంకొకటి రాసి, ఈసారి ప్లాస్టిక్ కవరు తొడిగి చూరు కింద పెట్టాం.